నకిలీకి ఎన్ని పేర్లు

“జపాను పోలీసులు మన గోదావరిఖని దాక వస్తరానే, మమతా?”

సారలమ్మ ఈ మాట అనేటప్పటికి ఎవరూ రాలేదు, ఏమీ జరగలేదు. పొయ్యి మీద చాయ్ ఒక్కటే పొంగింది.

“రారమ్మా. వాళ్లకు వేరే పనులున్నయి.” మమత తెల్ల అంగీ ఇస్త్రీ చేసుకుంటూ తల ఎత్తకుండా చెప్పింది.

“రారని నువ్వెట్ల చెప్తవు? గా దేశంల రైలు జరంత ఆలస్యమైతె చేతులు కట్టుకొని మాఫీ అడుగుతరని నువ్వే చెప్పినవు. గసొంటోళ్లు దొంగ సర్టిఫికెట్ అంటె ఊకుంటరా?”

“ఊకోరు. నన్ను తీసుకోరు. గంతే.”

“గంతేనట, గంతే! రెండేండ్ల సంది ఇంట్ల జపాను తప్ప వేరే ముచ్చట లేకపాయె. నర్సు చదువు చదివినవు, దవాఖానల డ్యూటీ ఇడిసిపెట్టి భాష నేర్సినవు. ఇప్పుడు నీ నోటితోని నువ్వే చెడగొట్టుకుంటనంటవు.”

మమత ఇస్త్రీపెట్టె నిలబెట్టి, అంగీ కాలరు సరిచూసుకుంది. కూతురికి ఏ తొందరా లేదు. సారలమ్మకు అదే ఎక్కువ భయం వేసింది.

నిన్న పొద్దుగూకే యాళ్లకు బయటపడిన సంగతి ఇది. మమత భాష పరీక్షలో రెండో మెట్టు తప్పింది. చదవడం బాగానే గట్టెక్కింది, వినడంలో పోయింది. మళ్లీ ఎండాకాలం దాటినంక రాస్తనని అందరికీ చెప్పింది కూడా. కానీ పెద్దపల్లిలో ఆఫీసు పెట్టి పిల్లలను బయటి దేశాలకు పంపే మేనమామ జైపాల్, ఆమె పాసైనట్టు ఒక సర్టిఫికెట్ పుట్టించి, జపానులోని ముసలోళ్ల ఆశ్రమానికి పంపేశాడు. ఆ కాపీని మమత నిన్న ఫోనులో చూసింది. ఫోటో తనదే, పేరు తనదే, పాసు మాత్రం తనది కాదు.

ఆశ్రమం పెద్దావిడ మోరిత సాన్‌తో, అంటే మోరిత గారితో, పనిలోకి తీసుకునే ముందు ఆఖరి మాటాముచ్చట ఈ పొద్దు పదకొండు గంటలకు, ఫోనులోనే.

“చెప్పేదేదో మెత్తగనన్న చెప్పు,” అంది సారలమ్మ, చాయ్ గిలాసాల్లో పోస్తూ. “నకిలీకి వాళ్ల భాషల ఏమంటరు?”

“దేనికి నకిలీ?”

“నకిలీకి నకిలీయేనాయె. దేనికేంది?”

“గట్ల కాదమ్మా.” మమత వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. “బజార్ల వాచీ కొంటవు. పేరు పెద్ద కంపెనీది, సరుకు దొంగది. గది నిసెమోనో. నోటితోని ఆడే అబద్ధం ఉసో. చూడనీకి నెయ్యి లెక్కనే ఉండి నోట్లె పెట్టుకుంటె డాల్డా అయితె మగాయిమోనో. కాయిదం, సంతకం, ముద్ర... కావాలని కూసోని తయారు చేస్తె గది గిజో.”

సారలమ్మ బండి మీది వంకాయలు ఒక్కొక్కటీ ఎత్తి చూసినట్టు, ఒక్కో మాటనూ మనసులో ఎత్తి చూసింది.

“అన్నిట్ల తేలికది ఏది?”

మమతకు నవ్వాగలేదు. “తేలికది కావాల్నా నీకు?”

“నాకు కాదు, నీకే.”

“నిసెమోనో జర ముచ్చట లెక్క ఉంటది. పిల్లలు గూడ అంటరు. గిజో అంటె కోర్టు మాట.”

“అయితె గా నిసెమోనో అను. కోర్టు మాట మన ఇంట్ల ఎందుకు?”

“అన్నా తప్పు కాదు. కాయిదానికి గూడ గట్లంటరు. కానీ నేను తప్పును తేలిక చేసి చెప్తున్ననని ఆమెకు సమజైతది. ముసలోళ్లను చూసుకునే మనిషమ్మా ఆమె. ఎదుటోళ్లు ఎక్కడ నొక్కి చెప్తున్నరో, ఎక్కడ జారుకుంటున్నరో పట్టుకుంటది.”

సారలమ్మ ఊరుకునే రకం కాదు. “మేడారం జాతరల బెల్లాన్ని బంగారం అంటం గదా? నీకు నర్సు సీటొచ్చినప్పుడు నీ ఎత్తు బంగారం తూకమేసి తల్లికి ఇచ్చినం. బెల్లం ముద్దలే. తల్లి కోపం చేసిందా? నకిలీ అన్నదా?”

“తల్లికి తెల్వదా అది బెల్లమని? ఇచ్చెటోళ్లకు తెలుసు, తీసుకునే తల్లికీ తెలుసు. గండ్ల మోసం ఎక్కడున్నది? జపాన్ల హోటళ్ల ముంగట అద్దాలల్ల ప్లాస్టిక్ బువ్వ, ప్లాస్టిక్ చాపలు పెడ్తరు. దాన్ని ఎవ్వలూ నిసెమోనో అనరు. మిహోన్ అంటరు, నమూనా అన్నట్టు. చూసెటోళ్లకు తెలుసు కాబట్టి. మోరిత సాన్‌కు తెల్వదు గదా అమ్మా.”

సారలమ్మ వేసిన చక్కెర మరచిపోయి చాయ్‌లో మళ్లీ చక్కెర వేసింది.

బయట బండి ఆగిన చప్పుడైంది.

“అక్కా, చాయ్ ఉన్నదా?”

జైపాల్ ఎప్పుడొచ్చినా ఇదే కేక. ఈసారి కేకలో సగం గాలే ఉంది. చెప్పులు విడిచి లోపలికి వచ్చి, మేనకోడలి ముఖం చూసి, స్టూలు తలుపు పక్కకు లాక్కుని కూర్చున్నాడు.

“నాలుగు ఫోన్లు చేసిన. ఎత్తవు.”

“జవాబు ఇంట్ల చెప్దామని ఎత్తలె, మామా.”

“ఏం జవాబు?”

“గా సర్టిఫికెట్ గిజో అని మోరిత సాన్‌కు చెప్తున్న.”

జైపాల్‌కు జపాను భాష రాదు. అయినా ఆ మాట అర్థం కావడానికి భాష అవసరం లేకపోయింది.

“గిజో గిజో అని నా మెడల గంట కడ్తవా బిడ్డా?”

“కట్టుకున్నది నువ్వే.”

“నేనెవని కోసం చేసిన? నా బిడ్డ కోసం చేసిన్నా? నీ అప్లికేషన్ పక్కన పడ్తదని చేసిన. వినుడు గినుడు గా దేశం పోయినంక మూడు నెలల్ల దానంతటదే వస్తది. నీటిల పడ్డోడు ఈత నేర్వడా?”

“నేర్వకముందే మునిగెటోళ్లు గూడ ఉంటరు.”

“చూసినవా అక్కా, నోరెట్ల లేస్తున్నదో! జపాన్ల పెద్దోళ్ల ముంగట గిట్ల మాట్లాడితె చాయ్ గూడ పొయ్యరు.”

“మా మేనమామకు పోసినం గదా, తాగు,” అంది మమత.

గిలాస అందుకుని ఒక గుక్క తాగి జైపాల్ మొహం ముడిచాడు. “ఏందక్కా, చాయ్ పోసినవా, పానకం పోసినవా?” ఎవరూ నవ్వలేదు. గొంతు తగ్గించాడు. “విను బిడ్డా. వాళ్ల భాషల నాకొక్క మాట తెలుసు. మచిగాయి. పొరపాటు అన్నట్టు. ఆఫీసుల మచిగాయి అయింది, ఒక కాయిదానికి ఇంకో కాయిదం పోయింది అని చెప్పు. నీ ఇజ్జత్ నిలుస్తది, నాదీ నిలుస్తది.”

“పరీక్షల నేను తప్పింది మచిగాయి, మామా. నువ్వు చేసింది మచిగాయి కాదు.”

“మరేంది? నేను దొంగనా?”

“నేనా మాట అన్ననా?”

“అనకుంటనే అంటున్నవు!”

“ఇద్దరు నోళ్లు ముయ్యుండ్రి!” సారలమ్మ గంటె చేతిలో పట్టుకునే మధ్యలోకి వచ్చింది. “గోడ అవతల హర్షిణి వాళ్లున్నరు. మన క్వార్టర్ల తుమ్మితె వాళ్లింట్ల చిరంజీవ అంటరు.”

హర్షిణి పేరు రాగానే జైపాల్ చూపు పక్కకు పోయింది. గోడ అవతలి ఆ పిల్ల కూడా అదే పరీక్ష రాసింది, నిజంగానే పాసైంది. ఆమె కాగితాలూ జైపాల్ ఆఫీసు నుంచే, అదే ఆశ్రమానికే వెళ్లాయి.

సారలమ్మ తమ్ముడి వైపు చూసింది. తల్లి పోయిననాడు ఇంత ఉండె వాడు. చంకన వేసుకుని పొలానికి తీసుకుపోయింది. తన పెండ్లినాడు పల్లకి వెనుక ఏడ్చుకుంటూ పరుగెత్తింది వాడే. ఇప్పుడు వాడి మీద కేసు పడితే? పేపర్లో ఫోటో వేస్తే? ఆమె మనసు అప్పుడే కరీంనగర్ జైలు గేటు దాకా పోయి, వాడికి సద్ది కట్టి నిలబడింది.

“బిడ్డా, ఒక్కసారి సోంచాయించు,” అంది మమతతో. “మామను బదునాం చేస్తవా?”

“మామ పేరు నేనెందుకు తీస్త? నా కాయిదం సంగతి ఒక్కటే చెప్తున్న.”

జైపాల్ గిలాస కింద పెట్టాడు. పెట్టడంలో చాయ్ కొంచెం నేల మీద ఒలికింది.

“సరే. అన్నీ చెప్పేదుంటె అన్నీ చెప్పు. నీ పాస్‌పోర్టుల తండ్రి పేరు ఏమున్నది?”

మమత ఒలికిన చాయ్‌ని గుడ్డతో తుడవసాగింది.

“చెప్పు బిడ్డా. పోశం అని ఉన్నది. మా బావ పేరు గట్టయ్య. ఊరంతటికీ గట్టయ్య. బొగ్గుబాయి హాజరు మస్టరు మీద పోశం. ఈ క్వార్టరు పోశంది, జీతం పోశంది, నీ బడి సర్టిఫికెట్ల నువ్వు పోశం బిడ్డవు. గా పోశం ఎవడో మీ అమ్మ గూడ చూడలె. గది గిజో కాదా? గది గూడ చెప్తవా మీ మోరిత సాన్‌కు?”



ఈ బొగ్గు బాయిల చుట్టూ ఇది కొత్త సంగతి కాదు. వెనకటి రోజుల్లో పోశం అనే మనిషికి పని దొరికింది, బాయిలో చీకటి చూసి పారిపోయాడు. గట్టయ్య ఆ పేరు తొడుక్కుని దిగాడు. కాలనీలో ఇట్లాంటి వాళ్లు ఇంకా ఉన్నారు. ఇంటి పేరు వేరు, బాయి పేరు వేరు. పెండ్లి పత్రికల మీద రెండూ వేస్తారు, ఎవరూ వింతగా చూడరు. కాయిదం మీది మనిషి ఒకడు, ఇంట్ల బువ్వ తినే మనిషి ఒకడు అన్నది సారలమ్మకు ఎంత అలవాటైపోయిందంటే, “కాయిదం పని నేను చూసుకుంట అక్కా” అని తమ్ముడన్ననాడు ఏం కాయిదం అని కూడా అడగలేదు. కాయిదాలు ఎప్పుడైనా నిజం చెప్తాయా ఏంది అనుకుంది.

ఇప్పుడు ఆ పేరే ఆమెను భయపెట్టింది. గట్టయ్య రిటైరై దిగిపోయే రోజులు దగ్గరపడ్డాయి. ఒక దొంగ కాయిదం మాట తీస్తే రెండోది బయటికి రాదా?

“మెల్లగ అను జైపాలూ,” అంది, గోడ దిక్కు చూసి.

“మెల్లగెందుకు? కాలనీల తెల్వనిదెవలికి?”

ఈ మాట అన్నది గట్టయ్య. నైట్ షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి, తువ్వాల భుజాన వేసుకుని దొడ్డి తలుపులో నిలబడ్డాడు. ఎప్పటి నుంచి వింటున్నాడో తెలియదు.

“బావా, నేను నిన్ను అనలె...”

“నన్నే అన్నవు. అబద్ధమేం ఆడలె.” గట్టయ్య వచ్చి కూతురి పక్కన కింద కూర్చున్నాడు. “బిడ్డా, నాసొంటోన్ని వాళ్ల భాషల ఏమంటరు?”

మమత తల దించుకుంది. “వద్దు బాపు.”

“చెప్పరాదు.”

“గిమేయి. దొంగ పేరు అన్నట్టు.”

“గిమేయి.” గట్టయ్య ఆ మాటను తంబాకు లెక్క నోట్లో ఒక పక్క పెట్టుకుని చూశాడు. “మొత్తానికి నాకు మూడో పేరు గూడ పెట్టినవు.”

జైపాల్‌కు కూడా నవ్వొచ్చింది. సారలమ్మకు రాలేదు.

“నీకు నవ్వులాటనా అయ్యా? గా పేరు బయటపడితె మన బతుకేంగాను?”

“బయటపడ్డనాడు చూద్దాం. గది నా ముచ్చట. నేను తొడుక్కున్న అంగీ నేనే విప్పుకుంట.” తువ్వాల తీసి ఎడమ భుజం కూతురికి చూపించాడు. అక్కడ చర్మం ముడతపడి, ఎముక ఒక పక్కకు ఒరిగి ఉంది. మమత చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. “ఇదెట్లయిందో తెలుసా నీకు?”

“బాయిల కప్పు కూలి.”

“కప్పు కూలి గాదు. కప్పు కూలేదాన్ని మావోడు ముందుగాలనే చూసిండు. ‘పోశం, ఉరుకు!’ అని మొత్తుకున్నడు. నేను ఉరకలె. ఎవన్నో పిలుస్తున్నడనుకున్న. గా పోశం నేనేనని యాదికొచ్చేటాల్లకు బండ భుజం మీదికొచ్చింది.”

సారలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇన్నేండ్ల కాపురంలో ఆమెకు ఈ సంగతి చెప్పనేలేదు.

“ఇప్పటికీ ఎవడన్న పోశం అంటె నాకు జరంత సేపు పడ్తది బిడ్డా, తిరగనీకి. గా జరంత సేపే పాణం తీస్తది. నీకు వినుడు రాలె. వచ్చిందని కాయిదం చెప్తున్నది. రేపు గా ఆశ్రమంల ఒక ముసలామె ఛాతిల నొప్పి లేస్తున్నదని చెప్తె, నీకు సమజ్ కానీకి జరంత సేపు పడ్తె? బండ నీ మీద పడదు. ఆమె మీద పడ్తది.”

గట్టయ్య లేచాడు. “నాకు నిద్రొస్తలేదు గనీ, మీ ముచ్చటల నేనుండ. నీ మాట నువ్వే చెప్పుకో,” అని దొడ్లోకి పోయి మంచం వాల్చుకున్నాడు.

సారలమ్మ చాలాసేపు ఆ భుజం పోయిన దిక్కే చూసింది. తర్వాత బియ్యం డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది, ఫోను ఆనించుకోవడానికి.

“జుట్టు సరిగ దువ్వుకో. చెదిరింది.”

అంతకంటే ఎక్కువ ఒప్పుకోలు ఆ తల్లి నోట మమత ఎప్పుడూ వినలేదు.

పదకొండు గంటలకు మోరిత సాన్ ముఖం ఫోనులో తేలింది. నెరిసిన పొట్టి జుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. ఆమె వెనుక నుంచి ఎవరో ముసలాయన చక్రాల కుర్చీ మెల్లగా దొర్లించుకుంటూ పోయాడు. పోతూ పోతూ ఫోనుకేసి చెయ్యి ఊపాడు. మమత నడుము వంచి దండం పెట్టింది.

జైపాల్ వెళ్లలేదు. తలుపు పక్క స్టూలు మీదే, ఫోనుకు కనబడకుండా కూర్చున్నాడు. వెళ్లిపొమ్మని మమత అనలేదు. వెళ్లే ధైర్యం అతనికీ లేనట్టుంది.

సారలమ్మ వంటింటి గడప పట్టుకుని నిలబడింది. అన్ని మాటల కోసం కాదు, ఒక్క మాట కోసం చెవులు నిక్కబొడుచుకుంది. ఏ మాట వాడుతుందో తన బిడ్డ.

మమత ఏదో చెప్పింది. గొంతు సవరించుకుని, మెల్లగా, తొణక్కుండా సర్టిఫికెట్ మాట ఎత్తింది.

“షోమేయిషో వ గిజో దెసు.”

గిజో.

విచిత్రంగా, నిన్నటి నుంచి సారలమ్మను పట్టుకున్న గుబులు ఆ మాటతో కొంచెం దిగినట్టే అనిపించింది. పెద్ద మాట వాడింది పిల్ల. తడబడకుండా వాడింది.

మోరిత సాన్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. అద్దాలు పెట్టుకుంది. ఏదో అడిగింది. మమత జవాబు చెప్పింది. మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పింది. ఒక మాట అర్థం కాక ఇంకోసారి చెప్పమంది మమత. ఆవిడ విసుక్కోకుండా ఇంకోసారి చెప్పింది.

“ఏమంటున్నదే?” సారలమ్మ గుసగుసగా అడిగింది.

మమత ఫోనులో ఏదో చెప్పి, ఒక క్షణం ఆగమని చెయ్యి చూపి, తల్లి వైపు తిరిగింది. “నాకు ఎప్పుడు తెలిసిందని అడిగింది. నిన్ననని చెప్పిన. మళ్ల పరీక్ష రాస్తవా అంటె రాస్తనన్న. గది రాసినంక మాట్లాడుదామన్నది.”

“అంటె కాదనలేదా?”

“కాదనలె, అవుననలె. కానీ అమ్మా...” మమత గోడ దిక్కు చూసింది. “హర్షిణి కాయిదం గూడ గిదే ఆఫీసు నుంచి వచ్చింది, అదీ గిజోనేనా అంటున్నది. కాదు, హర్షిణిది హొన్మోనో, అసలుది అని ఒట్టేసి చెప్పిన. ‘ఎట్ల నమ్మాలె, ముందు నీది ఆ ఆఫీసుల ఎవరు తయారు చేసిండ్రో చెప్పు’ అంటున్నది. గది తెలిస్తెనే హర్షిణి కాయిదం పక్కకు తీసి అసలుదో కాదో పరీక్ష పెట్టినోళ్లను అడిగి చూసుకుంటదంట. లేకపోతె ఆ ఆఫీసు నుంచి వచ్చిన కాయిదాలు అన్నీ వాపస్.”

“మరి చెప్పినవా?”

మమత ఫోను వైపు తిరిగి నోరు తెరిచింది. మూసింది. నకిలీకి అన్ని పేర్లు తెలిసిన పిల్లకు, మేనమామ అన్న ఒక్క మాట గొంతు దాటలేదు.

మోరిత సాన్ తొందర పెట్టలేదు. చేతులు బల్ల మీద ఆనించి ఎదురుచూసింది.

జైపాల్ తల ఎత్తాడు. మేనకోడలి వైపు చూడలేదు. అక్క వైపు చూశాడు. చిన్ననాడు తప్పు చేసి తలుపు వెనుక దాక్కున్నప్పుడు చూసిన చూపే అది. చెప్పొద్దనే చూపు. ఆ చూపుకు సారలమ్మ ఎన్నడూ కాదనలేదు.

గోడ అవతల నుంచి హర్షిణి గొంతు వినబడుతోంది. రేపటి తన వంతు కోసమేమో, ఒకే జపాను వాక్యాన్ని మళ్లీ మళ్లీ వల్లె వేస్తోంది. తప్పు పోయిన చోట ఆగుతోంది, మొదటి నుంచి అందుకుంటోంది.

దొడ్లో మంచం కిర్రుమంది. గట్టయ్య మాత్రం లేచి రాలేదు.

ఫోనులో పెద్దావిడ రెప్ప వేయకుండా చూస్తోంది. హర్షిణి గొంతు ఆగింది.

సారలమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. గడప దాటి, బల్ల దగ్గరికి వచ్చి, కూతురి పక్కన నిలబడింది. ముక్కూ మొహం తెలియని ఆ మనిషికి రెండు చేతులూ జోడించింది.

“నా తమ్ముడమ్మా,” అంది. “నేను పెంచిన తమ్ముడే. పేరు జైపాల్.”

అని, బియ్యం డబ్బా మీద నుంచి ఫోను తీసి, జైపాల్ కూర్చున్న తలుపు పక్కకు తిప్పింది.